కిరీటం పెట్టే చేయి

కోపెన్‌హాగెన్‌లోని రోసెన్‌బోర్గ్ కోట నేలమాళిగలో డెన్మార్క్ రాజుల కిరీటాలు రెండు ఉన్నాయి. ఒకటి 1596లో పట్టాభిషేకం జరుపుకున్న నాలుగో క్రిస్టియన్‌ది. దాని చుట్టూ బురుజుల్లా బంగారు శిఖరాలు లేచి ఉంటాయి, పైభాగం మాత్రం తెరిచే ఉంటుంది. రెండోది ఆయన మనుమడు ఐదో క్రిస్టియన్ 1671లో ధరించినది. దీని అంచు నుంచి లేచిన కమానులు పైన ఒకచోట కలుస్తాయి. ఆ కలిసిన చోట ఒక గోళం, దాని మీద శిలువ. పైన మూసుకున్న కిరీటం అంటే ఈ రాజుకు భూమి మీద పైవాడు లేడని ఆనాటి యూరప్ అంతటా అర్థం.

ఈ రెండు కిరీటాల మధ్య గడిచిన కాలం డెబ్బై అయిదేళ్లు. ఆ కాలంలో ఆకారంతోపాటు ఇంకొకటి కూడా మారింది. మొదటి కిరీటాన్ని రాజు తల మీద ఇతరులు పెట్టారు. రెండోదాన్ని రాజే పెట్టుకున్నాడు. అధికారం ఎక్కడి నుంచి వస్తుందన్న పాత ప్రశ్నకు ఒక దేశం ఇచ్చిన రెండు వేర్వేరు జవాబులివి. వంశం నుంచి వస్తుందా, జనం ఒప్పుకోవడం వల్ల వస్తుందా, దేవుడిస్తే వస్తుందా? దేవుడే ఇచ్చేటట్టయితే నడుమ ఇంకొక మనిషి చేయి ఎందుకు? స్కాండినేవియా రాజ్యాలు ఈ ప్రశ్నతో ఎనిమిది వందల ఏళ్లకు పైగా తలపడ్డాయి. అందులో డెన్మార్క్ తర్కాన్ని చివరి మెట్టు దాకా తీసుకుపోయింది. అందుకే ఈ ప్రశ్నను పరిశీలించడానికి దాని రాజలాంఛనాలు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడతాయి.

తెలుగులో పట్టాభిషేకం అనే ఒక్క మాటలో రెండు పనులు ఉన్నాయి: నుదుట పట్టం కట్టడం, అభిషేకం చేయడం. క్రైస్తవ యూరప్‌లోనూ ఈ తంతుకు రెండు భాగాలే. ఒకటి కిరీటధారణ, రెండోది తైలాభిషేకం. వీటిలో మతపరంగా బరువైనది రెండోదే. దానికి ఆధారం బైబిల్ పాత నిబంధన. ప్రవక్త సమూయేలు నూనె పోసి మొదట సౌలును, తర్వాత దావీదును ఇశ్రాయేలీయులకు రాజులుగా నియమిస్తాడు. సౌలు తనను చంపాలని వెంటాడుతున్నా, అతడు చేతికి చిక్కినప్పుడు కూడా దావీదు అతడిని చంపడు. దేవుని అభిషిక్తుడి మీద చేయి వేయకూడదన్నదే కారణం. అదే కథలో, నూనె పోసిన సమూయేలే దేవుడు సౌలును తోసిపుచ్చాడని అతడి ముఖం మీదే చెబుతాడు. ఒకే గ్రంథంలో రెండు పాఠాలు. అభిషిక్తుడిని ముట్టరాదన్న పాఠాన్ని రాజులు పట్టుకున్నారు. అభిషేకించినవాడికి నిలదీసే హక్కు ఉంటుందన్న పాఠాన్ని బిషప్పులు పట్టుకున్నారు. తర్వాతి శతాబ్దాల వివాదమంతా ఈ రెండు పాఠాల మధ్యే నడిచింది.

స్కాండినేవియాలో క్రైస్తవం కుదురుకోక ముందు రాజుకు నూనె అక్కర్లేదు, కిరీటమూ అక్కర్లేదు. స్వతంత్రులైన రైతులు, పెద్దలు కూడే సభల్లో రాజును ఒప్పుకునేవారు. డెన్మార్క్‌లో వీబోర్గ్, స్వీడన్‌లో ఉప్సాలా దగ్గరి మోరా రాళ్లు, నార్వేలో ట్రోన్‌హైమ్ దగ్గరి సభాస్థలం ఇందుకు పేరుపడ్డ చోట్లు. రాజవంశంలో పుట్టినవాడే కావాలి, కానీ వారిలో ఎవరన్నది సభ తేల్చేది. ఒక రాజుకు నలుగురు కొడుకులుంటే దేశం నాలుగు ముక్కలై కొట్టుకునే ప్రమాదం ఈ పద్ధతిలో ఎప్పుడూ ఉండేది.

ఈ ప్రాంతంలో మొదటి పట్టాభిషేకం 1160ల్లో నార్వేలోని బెర్గెన్‌లో జరిగింది. రాజైన మాగ్నుస్ ఎర్లింగ్సన్ అప్పటికి చిన్నపిల్లవాడు. తల్లి రాజు కూతురే గాని తండ్రి రాజు కాదు. పాత లెక్క ప్రకారం అతడి హక్కు బలహీనం. రక్తం చాలని చోట చర్చి నూనె ఆ లోటు తీర్చింది. 1170 జూన్ 25న డెన్మార్క్‌లోని రింగ్‌స్టెడ్‌లో ఆర్చ్‌బిషప్ ఎస్కిల్ ఏడేళ్ల క్నుడ్‌కు కిరీటం పెట్టాడు. తండ్రి మొదటి వాల్డెమార్ బతికే ఉన్నాడు, రాజ్యం చేస్తూనే ఉన్నాడు. ఆ రోజే, అక్కడే, హత్యకు గురైన పిల్లవాడి తాత క్నుడ్ లావార్డ్ అవశేషాలను పునీతుడి అవశేషాలుగా ప్రతిష్ఠించారు. తాత పునీతుడు, మనుమడు అభిషిక్తుడు. అంతర్యుద్ధాలతో నలిగిన దేశంలో తన తర్వాత కొడుకే రాజు కావాలని కోరుకున్న తండ్రికి ఇంతకన్నా గట్టి కవచం దొరకదు.

అయితే కవచం ఇచ్చినవాడికి దాన్ని ఇవ్వకుండా ఆపే హక్కు కూడా ఉంటుంది. నార్వేలో మాగ్నుస్‌ను ఓడించి రాజైన స్వెరే 1194లో బిషప్పుల మీద ఒత్తిడి తెచ్చి కిరీటం పెట్టించుకున్నాడు. చర్చి అతడిని బహిష్కరించింది. ఆశీర్వదించేవాడు ఆశీర్వాదం పొందేవాడి కన్నా పైమెట్టు మీద ఉంటాడన్న వాదనను పోపులు మొహమాటం లేకుండా వినిపించిన కాలమది. నూనె ఎక్కడ పూయాలన్నది కూడా వివాదమే. రాజుకు తల మీద కాకుండా చేతి మీద, భుజం మీద పూయాలని, తల మీద పవిత్ర తైలం బిషప్పులకే తగునని పోప్ మూడో ఇన్నోసెంట్ 1204లో తేల్చి చెప్పాడు. బయటివాళ్లకు ఇది చాదస్తంగా అనిపించవచ్చు. రాజు ఒక రకం పూజారా, లేక పూజారి దీవించిన గృహస్థా అన్న ప్రశ్న ఆ ఒక్క చుక్క నూనె పడే చోటు మీదే ఆధారపడి ఉందని ఆ కాలపు వాళ్లకు బాగా తెలుసు.

డెన్మార్క్‌లో చర్చితోపాటు ప్రభువర్గమూ తన వాటా అడిగింది. 1282లో రాజు ఎరిక్ క్లిప్పింగ్ ఒక హామీపత్రం రాసి ఇచ్చాడు. ఆ తర్వాత ఇది రివాజైంది. రాజుగా ఎన్నికైనవాడు కిరీటానికి ముందు తన అధికారానికి హద్దులు ఒప్పుకుంటూ సంతకం చేయాలి. ఆ పద్ధతి 1660 దాకా నిలిచింది. అంటే అభిషేకం జరిగేటప్పటికే ఒక ఒప్పందం కుదిరి ఉండేది. నూనె దేవుడి పేర, షరతులు ప్రభువుల పేర.

1536లో డెన్మార్క్ లూథరన్ దేశమైంది. అక్కడ అసలైన మతచిక్కు ఎదురైంది. లూథర్ బోధ ప్రకారం సంస్కారాలు రెండే: బాప్తిస్మం, ప్రభు భోజనం. నూనెకు తనంతట తానుగా ఏ మహిమా లేదు. విశ్వాసులందరూ పూజారులే కాబట్టి బిషప్పు చేతిలో ప్రత్యేక శక్తీ లేదు. రోమీయులకు పౌలు రాసిన పత్రిక పదమూడో అధ్యాయాన్ని లూథరన్లు గట్టిగా నమ్మారు. ఉన్న అధికారాలన్నీ దేవుడు నియమించినవేనని దాని సారాంశం. అలాంటప్పుడు నూనె రాసినా రాయకపోయినా రాజు దేవుడు నియమించినవాడే. మరి తైలాభిషేకం ఎందుకు ఉండాలి?

అయినా ఉంచారు. 1537 ఆగస్టు 12న కోపెన్‌హాగెన్‌లోని అవర్ లేడీ చర్చిలో మూడో క్రిస్టియన్‌కు, రాణి డొరోతియాకు అభిషేకం జరిగింది. చేసినది ఆర్చ్‌బిషప్ కాదు. పాత బిషప్పులందరినీ రాజు అంతకు ముందే పదవుల నుంచి తీసేశాడు. విట్టెన్‌బర్గ్ నుంచి పిలిపించిన యోహానెస్ బూగెన్‌హాగెన్ ఈ తంతు నడిపాడు. ఆయన లూథర్‌కు సన్నిహితుడు, పాత పద్ధతిలో బిషప్ పట్టం పొందినవాడు కాడు. ఆయనే మరో మూడు వారాలకు, సెప్టెంబర్ 2న, డెన్మార్క్‌లో కొత్త చర్చికి ఏడుగురు అధ్యక్షులను నియమించాడు. పాత తంతు, కొత్త అర్థం. నూనె ఇక శక్తినిచ్చే వస్తువు కాదు. రాజుకు అతడి బాధ్యతను గుర్తుచేసే, అతడి కోసం సంఘమంతా ప్రార్థించే సందర్భానికి గుర్తు మాత్రమే. ఈ కొత్త అర్థం సరైనదే. కానీ గుర్తుగా మాత్రమే మిగిలిన దాన్ని ఒకనాటికి వదిలేయవచ్చు కూడా. ఆ సంగతి బయటపడడానికి మూడు శతాబ్దాలు పట్టింది. రోసెన్‌బోర్గ్ లాంఛనాల్లో అన్నిటికన్నా పాతది ఈ రాజు కాలానిదే. అది 1551 నాటి ఖడ్గం.

ఈ కొత్త ఆలోచనకు అందమైన రూపం నాలుగో క్రిస్టియన్ కిరీటం. 1588లో తండ్రి చనిపోయేనాటికి ఆయనకు ఇంకా పదకొండేళ్లు నిండలేదు. పంతొమ్మిదేళ్ల వయసులో, 1596 ఆగస్టు 29న, పట్టాభిషేకం జరిగింది. కిరీటాన్ని ఒడెన్సే ఊరి కంసాలి డీరిక్ ఫ్యూరింగ్ చేశాడు. న్యూరెంబర్గ్ నుంచి వచ్చిన కొర్వీనియానుస్ సౌర్ సాయం పట్టాడు. బరువు 2.895 కిలోలు. బంగారం, రంగుల ఎనామెల్, బల్లపరుపుగా కోసిన వజ్రాలు, ముత్యాలు. ఈ ధగధగల కన్నా శిఖరాల మీది బొమ్మలే దీని ప్రాణం. ఒకచోట మన కొల్లేటి గూడబాతుల జాతి పక్షి తన రొమ్మును ముక్కుతో చీల్చుకుని ఆ నెత్తురుతో పిల్లలను బతికిస్తూ ఉంటుంది. యూరప్ క్రైస్తవానికి అది క్రీస్తు గుర్తు. ఇక్కడ రాజు తన నెత్తురు ధారపోసైనా ప్రజలను కాపాడాలన్న ఆదేశం కూడా అదే. మరోచోట సింహం మీద కూర్చున్న ధైర్యం, ఇంకోచోట కత్తీ తక్కెడా పట్టిన న్యాయం, మరోచోట బిడ్డకు పాలిస్తున్న తల్లి రూపంలో కరుణ. ఈ కిరీటం రాజును పొగడదు, రాజు ఏం చేయాలో చెబుతుంది. ధర్మశాస్త్రంలో ఒక అధ్యాయాన్ని బంగారంలో రాసినట్టుంటుంది. ఎన్నికైన రాజుల కాలంలో దాన్ని మతపెద్దల, ప్రభువర్గాల ప్రతినిధులు రాజు తల మీద పెట్టేవారు. ఆ చేతులు లేకుండా ఆ బొమ్మల అర్థం పూర్తి కాదు. విధులను గుర్తుచేసేవాళ్లు ఎదురుగా ఉండాలి.

అదే రాజు యుద్ధాల్లో ఖజానా ఖాళీ చేశాడు. ఆ కిరీటం హాంబర్గ్‌లో తాకట్టులో పడింది. 1648లో ఆయన కొడుకు మూడో ఫ్రెడరిక్ దాన్ని విడిపించుకున్నాకే తన పట్టాభిషేకానికి పెట్టుకోగలిగాడు. అప్పటి రాజదండం, గోళం, తైలపాత్ర ఇప్పటికీ ఉన్నాయి. ఆయన సంతకం చేసిన హామీపత్రం అంతకు ముందున్న వాటన్నిటికన్నా కఠినమైనది.

పన్నెండేళ్లలో అంతా తలకిందులైంది. స్వీడన్ సైన్యం కోపెన్‌హాగెన్‌ను ముట్టడించింది. రాజు ఊరు వదలకుండా జనంతో నిలబడ్డాడు. యుద్ధం ముగిశాక 1660లో కూడిన వర్గాల సభలో వర్తకులూ మతపెద్దలూ ఒక్కటై ప్రభువుల పట్టు విరగ్గొట్టారు. మేయర్ హన్స్ నాన్సెన్, బిషప్ హన్స్ స్వానె వారికి నాయకులు. రాజ్యం వంశపారంపర్యమైంది. పాత హామీపత్రం రద్దయింది. 1661 జనవరిలో వర్గాలు సంపూర్ణాధికారాన్ని రాతపూర్వకంగా రాజుకు అప్పగించాయి. 1665 నవంబర్ 14న రాజు ‘రాజశాసనం’ మీద సంతకం చేశాడు. దాన్ని రాసినది తెలివైన గుమాస్తా పేడర్ షూమాకర్. ఆయనే తర్వాత గ్రిఫెన్‌ఫెల్డ్ పేరుతో మంత్రిగా వెలిగాడు. రాజు ఇలా సంపూర్ణాధికారి అని ఇంత స్పష్టంగా చెప్పిన రాతశాసనం యూరప్‌లో మరొకటి లేదు.

శాసనంలో నలభై అధికరణాలు. రాజుకు దేవుడు తప్ప న్యాయాధిపతి లేడు. చట్టం చేసేదీ, తీసేసేదీ ఆయనే. ఆయన చేయకూడనివి మాత్రం ఉన్నాయి: ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనను వదలకూడదు, రాజ్యాన్ని పంచకూడదు, ఈ శాసనాన్ని సడలించకూడదు. అభిషేకం గురించి శాసనం చెప్పినదే ఇక్కడ కీలకం. ముందటి రాజు కన్నుమూసిన క్షణానే వారసుడు పూర్తి రాజు. ఆయన ఏ ప్రమాణమూ చేయనక్కర్లేదు, ఏ షరతుకూ లోబడనక్కర్లేదు. అయినా దేవుడి ఆశీర్వాదం కోసం బహిరంగంగా చర్చిలో అభిషేకం చేయించుకోవాలి.

అలాంటి మొదటి అభిషేకం 1671 జూన్ 7న ఫ్రెడరిక్స్‌బోర్గ్ కోట చర్చిలో జరిగింది. ఐదో క్రిస్టియన్ అప్పటికి పదహారు నెలలుగా రాజ్యం చేస్తున్నాడు. ఆయన కోసం పాల్ కుర్ట్స్ కొత్తగా చేసిన మూసిన కిరీటం బరువు 2.08 కిలోలు. అందులోని పెద్ద నీలం 1474లో రోమ్ యాత్రకు వెళ్లిన మొదటి క్రిస్టియన్‌కు మిలాన్ ప్రభువు ఇచ్చిన కానుక అని నమ్ముతారు. ఆ రోజు రాజు కిరీటాన్ని ముందే తన చేత్తో పెట్టుకుని చర్చిలోకి నడిచి వచ్చాడు. అభిషేకం కోసం తీశాడు. బిషప్ హన్స్ వాండల్ నూనె పూశాడు. ఈ బిషప్పే రాజుల దైవదత్తాధికారాన్ని సమర్థిస్తూ ‘యూస్ రేజియుమ్’ అనే పెద్ద లాటిన్ గ్రంథం రాసిన పండితుడు. రాజు కిరీటాన్ని తనే పెట్టుకున్నందుకే డెన్మార్క్ వాళ్లు దీన్ని కిరీటధారణ అనరు, ‘అభిషేకం’ అంటారు. ఇవ్వడానికి పైన దేవుడున్నాడు, పెట్టడానికి కింద మరో చేయి లేదు. రాణి షార్లెట్ అమేలీకి మాత్రం ఆ రోజు అభిషేకం జరగలేదు. ఆమె కాల్విన్ మార్గానికి చెందిన క్రైస్తవురాలు. పెళ్లి ఒప్పందంలోనే తన విశ్వాసం తను ఉంచుకునే హక్కు రాయించుకుంది, దాన్ని వదులుకోలేదు. నూనె గుర్తు మాత్రమే అని చెప్పే దేశంలో ఆ గుర్తు కోసం మనస్సాక్షిని మార్చుకోని మనిషి ఆమె. ఈ చరిత్రలో గౌరవంగా తలుచుకోవలసిన పేరు ఆమెది.

అభిషేకానికి వాడిన సింహాసనం కూడా ఒక వాదనే. సొలొమోను రాజు దంతపు సింహాసనాన్ని, దాని మెట్ల మీది సింహాలను తలపించేలా బెండిక్స్ గ్రోట్‌షిలింగ్ దాన్ని చేశాడు. ఒంటికొమ్ము గుర్రం కొమ్ముగా అప్పట్లో పేరుపడిన పదార్థం వాడాడు. నిజానికది ఉత్తర సముద్రాల్లో తిరిగే నార్వాల్ తిమింగలం కోర. దాని ముందు మూడు వెండి సింహాలు నిలుస్తాయి. రాజు సొలొమోను వారసుడైతే అతడికి సభ ఎందుకు, హామీపత్రం ఎందుకు?

ఈ ఘనమైన కట్టడం పునాదిలో ఒక చీలిక ఉంది. 1660లో అధికారాన్ని రాజుకు ఇచ్చినది వర్గాల సభ. అంటే మనుషులు. శాసనం ఉపోద్ఘాతం కూడా వర్గాలు తమ ఎన్నిక హక్కును ఇష్టపూర్వకంగా వదులుకున్నాయనే చెబుతుంది. మనుషులు అప్పగించినది దేవుడు ఇచ్చినది ఎలా అవుతుంది? మనుషుల మనసులను కదిలించినవాడు దేవుడే అన్నది ఆస్థాన పండితుల జవాబు. రాజు ఆస్థాన బోధకుడు హెక్టర్ గాట్‌ఫ్రీడ్ మాసియుస్ 1687లో ఇంకో అడుగు ముందుకేశాడు. పాలకుల అధికారం నేరుగా దేవుడి నుంచే వస్తుందని చెప్పేది లూథరన్ మతమే కనుక రాజులకు అదే మేలైన మతం అన్నాడు. జర్మన్ తత్త్వవేత్త క్రిస్టియాన్ తోమాసియుస్ దీన్ని గట్టిగా ఖండించాడు. మతాన్ని పాలకుల ప్రయోజనంతో తూచడమే తప్పన్నాడు. అధికారం పుట్టడంలో ప్రజల సమ్మతికి చోటుందన్నాడు. ఐదో క్రిస్టియన్ ఆయన రాతలను కోపెన్‌హాగెన్‌లో తలారి చేత తగలబెట్టించాడు. వాదనలో గెలిచినది తోమాసియుసే. మతం సత్యమైతే అది రాజుకు లాభమా నష్టమా అన్నది దాని కొలబద్ద కాకూడదు.

ఇంకో పరిణామాన్ని ఆ పండితులు కూడా ఊహించి ఉండరు. రాజు మొదటి క్షణం నుంచే పూర్తి రాజైతే నూనె అతడికి కొత్తగా ఇచ్చేది ఏమీ లేదు. పదహారు నెలలు ఆలస్యమైనా లోటు లేదు. ఆరో ఫ్రెడరిక్ 1808లో రాజయ్యాడు, అభిషేకం 1815లో జరిగింది. ఆ ఏడేళ్లూ అభిషేకం లేకపోయినా ఆయన పూర్తి రాజే. రాజును మనుషుల చేతుల నుంచి విడిపించాలన్న పట్టుదలలో రాజశాసనం అభిషేకాన్నే అవసరం లేనిదిగా చేసేసింది. తర్వాతి ప్రజాస్వామ్యం దాన్ని బలవంతంగా లాగేసుకోలేదు, అప్పటికే ఖాళీ అయినదాన్ని పక్కన పెట్టింది.

రాజే విశ్వాస రక్షకుడన్న ఈ సూత్రం ఫలితం ఒకటి తెలుగు దాకా వచ్చింది. 1700లో అభిషిక్తుడైన నాలుగో ఫ్రెడరిక్, తన ఏలుబడిలోని తమిళ తీరపు తరంగంబాడికి మిషనరీలను పంపాడు, వారు 1706లో అక్కడికి చేరారు. బార్తొలొమేయుస్ సీగెన్‌బల్గ్ వారిలో ఒకడు. ఆ మిషన్ తరఫునే తర్వాత వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసుకు మారి తెలుగు నేర్చుకున్నాడు. 1740ల్లో జర్మనీలోని హాలేలో ఆయన అచ్చు వేయించిన క్రైస్తవ గ్రంథాల నుంచే తెలుగు అచ్చు పుస్తకాల చరిత్రను సాధారణంగా మొదలుపెడతారు.

రాజలాంఛనాలు వేరు, రాజాభరణాలు వేరు. పదవికి చెందిన కిరీటం, దండం, గోళం, ఖడ్గం, తైలపాత్ర లాంఛనాలు. ఆభరణాల కథకు ఆరో క్రిస్టియన్ భార్య సోఫీ మగ్దలేనె మూలం. 1731 అభిషేకానికి ఆమె కోసమే ఫ్రెడరిక్ ఫాబ్రిసియుస్ రాణి కిరీటం చేశాడు. ఈ వంశంలో రాణులకంటూ శాశ్వతంగా ఉండే నగలు లేవని ఆమెకు లోటుగా అనిపించింది. తన నగలు ఏ ఒక్కరికీ చెందకుండా ‘కిరీటానికి’ చెందాలని వీలునామా రాసింది. వాటిలో చాలా నగలను 1840లో రాణి కరోలినె అమేలీ కోసం తిరగ చేయించారు. అవి నాలుగు సెట్లుగా ఉన్నాయి. దేశంలో రాణి మాత్రమే పెట్టుకుంటుంది, దేశం దాటించరు. ఒక స్త్రీ చేసిన ఈ ఏర్పాటు ఎంతోమంది రాజుల శాసనాల కన్నా ఎక్కువ కాలం నిలిచింది.

ఐదో క్రిస్టియన్ కిరీటంతో ఏడుగురు రాజులకు అభిషేకం జరిగింది. ఏడో క్రిస్టియన్‌కు 1767లో క్రిస్టియన్స్‌బోర్గ్‌లో జరగగా, మిగిలిన అందరికీ ఫ్రెడరిక్స్‌బోర్గ్‌లోనే. చివరివాడు ఎనిమిదో క్రిస్టియన్. 1840 జూన్ 28న ఆయనకు నూనె పూసింది బిషప్ యాకోబ్ పేటర్ మ్యూన్‌స్టర్. మ్యూన్‌స్టర్ 1854లో చనిపోయినప్పుడు మరో మతపండితుడు హన్స్ మార్టెన్సెన్ ఆయనను ‘సత్యానికి సాక్షి’ అని శ్లాఘించాడు. ఆ మాట తత్త్వవేత్త సోరెన్ కీర్కెగార్‌ను రగిలించింది. సుఖంగా బతికిన రాజోద్యోగి ఎలా సాక్షి అవుతాడని ఆయన అడిగాడు. రాజ్యం జీతాలిచ్చి నడిపే క్రైస్తవం క్రీస్తు బోధించిన క్రైస్తవం కాదని 1855లో చనిపోయే దాకా రాస్తూనే ఉన్నాడు. కీర్కెగార్ కిరీటం మీద దండెత్తలేదు. కానీ ఆయన అడిగినదానికి జవాబు ఆ కిరీటం దగ్గరా లేదు. దేవుడి ముందు మనిషి ఒంటరిగా నిలబడాలంటే రాజ్యం చేత అభిషేకం పొందిన సంఘం అతడి తరఫున నిలబడలేదు.

అప్పటికే 1849 జూన్ 5న ఏడో ఫ్రెడరిక్ రాజ్యాంగం మీద సంతకం చేశాడు. ఆయనకు అభిషేకం జరగలేదు. ఆ తర్వాత ఎవరికీ జరగలేదు. లూథరన్ చర్చి ప్రజల చర్చి అయింది. రాజు ఆ విశ్వాసానికి చెందినవాడై ఉండాలన్న నియమం మాత్రం నేటికీ ఉంది. రాజశాసనంలో రాజకుటుంబానికి సంబంధించిన రెండు అధికరణాలు కూడా అమల్లోనే ఉన్నాయి.

పొరుగు రాజ్యాలు ఇదే ప్రశ్నకు తమ తమ దారుల్లో జవాబు వెతికాయి. స్వీడన్‌లో 1561లో చేసిన పద్నాలుగో ఎరిక్ కిరీటం నేటికీ ఉంది. అక్కడి రాణి క్రిస్టీనా 1654 జూన్ 6న ఉప్సాలాలో గద్దె దిగింది. లాంఛనాలను ఒక్కొక్కటిగా తీస్తుండగా, ప్రధాన ప్రభువు పేర్ బ్రాహే కిరీటం తీయడానికి ఒప్పుకోలేదని, ఆమె తనే తీసిందని చెబుతారు. దేవుడి పేర పెట్టినదాన్ని తీసే అధికారం తన చేతికి లేదని ఆయన అనుకుని ఉండవచ్చు. మరుసటి ఏడు ఆమె బహిరంగంగా కేథలిక్ మతం స్వీకరించింది. 1697లో పన్నెండో కార్ల్ డెన్మార్క్ రాజులాగే కిరీటాన్ని తనే పెట్టుకున్నాడు, ప్రమాణమూ చేయలేదు. స్వీడన్‌లో చివరి పట్టాభిషేకం 1873లో రెండో ఆస్కార్‌ది. 1907లో ఐదో గుస్తావ్ అది తనకు వద్దన్నాడు.

నార్వే దారి వేరు. 1814 రాజ్యాంగం ట్రోన్‌హైమ్‌లోని నీదరోస్ కెథీడ్రల్‌లో పట్టాభిషేకం జరగాలని ఆదేశించింది. ఫ్రెంచ్ సైన్యాధిపతిగా ఎదిగి, తర్వాత స్వీడన్, నార్వేలకు రాజైన కార్ల్ యోహాన్ తన సొంత ఖర్చుతో నార్వేకు కిరీటం చేయించి, 1818 సెప్టెంబర్ 7న అక్కడ అభిషిక్తుడయ్యాడు. 1905లో జనం ఓటు వేసి ఎన్నుకున్న ఏడో హాకోన్‌కు మరుసటి ఏడాది జూన్ 22న పట్టాభిషేకం జరిగినప్పుడు బిషప్, ప్రధానమంత్రి క్రిస్టియన్ మికెల్సెన్ ఇద్దరూ కలిసి కిరీటం పెట్టారు. సంఘం చేయి ఒకటి, ప్రజాప్రతినిధి చేయి ఒకటి. రెండేళ్లకే, 1908లో, పార్లమెంటు ఆ నిబంధనను రాజ్యాంగం నుంచి తొలగించింది. హాకోన్ కొడుకు ఐదో ఓలావ్ 1957లో రాజయ్యాక, చట్టం అడగకపోయినా, తనకు దీవెన కావాలని కోరాడు. 1958 జూన్ 22న ఆయన అదే కెథీడ్రల్‌లో బలిపీఠం ముందు మోకరిల్లాడు. బిషప్ చేయి ఉంచి ప్రార్థించాడు. కిరీటం పెట్టలేదు, నూనె పూయలేదు. 1991 జూన్ 23న ఐదో హరాల్డ్, రాణి సోన్యా కూడా అలాగే చేశారు.

లూథరన్ బోధతో సరిగ్గా పొసిగే రూపం ఈ మూడు రాజ్యాల్లోనూ ఇదొక్కటే. బూగెన్‌హాగెన్ నడిపిన 1537 తంతు కొత్త అర్థమే నిజమై, తంతు ఒట్టి ప్రార్థన అయితే, దానికి బంగారం అక్కర్లేదు. నూనె అక్కర్లేదు. అధికారం ఎవరిచ్చారన్న తగవూ అక్కర్లేదు. అధికారం ప్రజలిచ్చారు. దాన్ని మోసేవాడు బలం కోసం దేవుడిని అడుగుతున్నాడు. ఈ రెండిటినీ కలిపి ఒకే చేతిలో పెట్టాలన్న ప్రయత్నమే ఎనిమిది శతాబ్దాల చిక్కులన్నిటికీ మూలం. నార్వే వాటిని విడదీసింది.

డెన్మార్క్ కిరీటం తన చివరి పనిని మాత్రం వదల్లేదు. రాజు చనిపోయినప్పుడు ఐదో క్రిస్టియన్ కిరీటాన్ని శవపేటిక మీద ఉంచుతారు. ఇప్పుడు బతికుండగా ఏ తల మీదా పెట్టని కిరీటం, ఏ అధికారమూ మిగలని వేళ రాజు దగ్గరకు వస్తుంది. చివరిసారి అలా ఉంచినది తొమ్మిదో ఫ్రెడరిక్ శవపేటిక మీద. ఆయన 1972 జనవరి 14న చనిపోయాడు. సరిగ్గా యాభై రెండేళ్లకు, 2024 జనవరి 14న, ఆయన కూతురు రాణి మార్గరేతె మంత్రుల సమక్షంలో ఒక కాగితం మీద సంతకం చేసి గద్దె దిగింది. ప్రధానమంత్రి మెట్టె ఫ్రెడరిక్సెన్ క్రిస్టియన్స్‌బోర్గ్ భవనం వరండాలో నిలబడి పదో ఫ్రెడరిక్ రాజయ్యాడని జనానికి ప్రకటించింది. వారం తర్వాత ఆర్హుస్ కెథీడ్రల్‌లో ఆరాధన జరిగింది. కిరీటాలు రెండూ రోసెన్‌బోర్గ్ నేలమాళిగలోనే ఉన్నాయి.